మూగ తుపాకీకి పేరు

బక్‌ఐ లోయలో వెస్టా నేపియర్ చేతి వంట తినకుండా పెద్దైన మనిషి లేడు. ఇది పొగడ్త కాదు, లెక్క. కెంటకీ తూర్పు కొండల్లో మా లోయకంతటికీ ఉన్నది ఒక్కటే బడి. ఆ బడి వంటగదిలో ఆవిడ ఇరవై ఏడేళ్ళు గరిటె తిప్పింది. ఇవాళ షెరీఫ్ దగ్గర పనిచేసేవాడూ, చర్చిలో ప్రసంగం చెప్పేవాడూ, జైలుకెళ్ళి వచ్చినవాడూ ముగ్గురూ బుధవారం బుధవారం ఆవిడ వడ్డించిన బీన్స్ కారం కూరా, పక్కన వేరుశనగ ముద్ద రాసిన బ్రెడ్డూ తిని పెరిగినవాళ్ళే.

ఆవిడ రిటైరైన రోజున తోటి వంటవాళ్ళు తలా కొంచెం వేసుకుని ఊగే కుర్చీ ఒకటి కొనిచ్చారు. "ఇంక కూర్చోవే వెస్టా, నీ కాళ్ళు నీకు దణ్ణం పెడతాయి" అన్నారు. వెస్టా నాలుగు రోజులు కూర్చుంది. ఐదో రోజున కుర్చీని ట్రక్కెక్కించి బర్లీ కూంబ్స్ ఇంటికి తోలుకెళ్ళింది. బర్లీ పదకొండేళ్ళ కిందట ముచ్చటపడి, ఇంట్లోనే బిగించుకునే చెకుముకి తుపాకీ కిట్ ఒకటి తెప్పించుకున్నాడు. మూత తెరిచి, లోపల అన్ని ముక్కలు చూసి, గుండె జారి, మూత వేసి సోఫా కిందికి తోసేశాడు. కుర్చీ బర్లీ వరండాలో దిగింది, అట్టపెట్టె వెస్టా ట్రక్కెక్కింది. ఎదుటి మనిషిని భలే ముంచామన్న సంతోషంతో ఇద్దరూ విడిపోయారు. మా కొండల్లో మంచి బేరానికి గుర్తు అదే.

ఇంటి దగ్గర ఆవిడ భర్త ఎల్బర్ట్ టమాటా పాదుల్లోంచి నడుం పట్టుకుని లేచాడు.

"కుర్చీ ఏదే?"

"మార్చేశాను."

"దేనితో?"

"తుపాకీతో."

ఎల్బర్ట్ చేతుల మట్టి దులుపుకున్నాడు. "నా మీద ఏమన్నా ఉంటే నోటితో చెప్పొచ్చుగా" అన్నాడు.

ఎల్బర్ట్‌కి ఎగతాళిగానే ఉంది గానీ, ఆవిడకి ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. వెస్టా తండ్రి హోబర్ట్ డీటన్ తుపాకులు చేసిన మనిషి. మేపుల్ పలక కొట్టుకుని, ఉలీ ఆకురాయీ పట్టుకుని చలికాలానికి ఒకటి చొప్పున చేసేవాడు. ఆ కొట్టంలో మసి పెట్టే పని ఎనిమిదేళ్ళ వెస్టాది. లాంతరు చిమ్నీకి పట్టిన మసిని చుక్క నూనెలో కలిపి, ఇనప భాగానికి రాసి నాన్నకి ఇచ్చేది. ఆయన దాన్ని చెక్కలో ఒత్తి తీసేవాడు. నల్లగా అంటుకున్న చోట చెక్క ఎక్కువుందన్నమాట. అక్కడ మాత్రం గీకి, మళ్ళీ మసి, మళ్ళీ ఒత్తడం. రాత్రి పడుకునేటప్పుడు పిల్ల మొహం చూసి తల్లి "నా కూతుర్ని బొగ్గుగనికి పంపావా, కొట్టానికి పంపావా?" అని మొగుణ్ణి కేకలేసేది.

తొమ్మిదో ఏట ఒక తుపాకీ దగ్గర నాన్న చెయ్యి తప్పింది. చెకుముకి రాయిని పట్టుకుని కొట్టే ఇనప భాగం ఉంటుంది చూశారూ, లాక్ అంటారు, అది కూర్చునే గుంటని ఆయన ఎక్కువ గీకేశాడు. లాక్ వెనకాల సందు వచ్చింది. హోబర్ట్ చాలాసేపు ఆ సందుని చూశాడు. తర్వాత అదే మేపుల్ ముక్క లోంచి గడ్డిపోచంత పేడు కోసి, చెక్క నార వరస కలిసేలా ఆ సందులో అతికించాడు. "నా కళ్ళు మసకేశాయి తల్లీ. తమ్ముళ్ళకి చెప్పకు, నాన్న గుడ్డివాడయ్యాడని నవ్వుతారు" అన్నాడు. ఆ ఏడే ఆయనకి గనిలో పని దొరికింది, కొట్టం మూతపడింది. మళ్ళీ తెరిచేనాటికి మగపిల్లలు ఎదిగారు. మసి గిన్నె తమ్ముడు డెంజిల్ చేతికి వెళ్ళింది, పప్పు గిన్నె వెస్టా చేతికి వచ్చింది. నాన్న రహస్యాన్ని మాత్రం యాభై ఏళ్ళు ఆవిడ ఎల్బర్ట్‌కి కూడా చెప్పలేదు.

ఇప్పుడా డెంజిల్‌కి యాభై ఎనిమిదేళ్ళు, తుపాకుల విషయంలో లోయకి పెద్దదిక్కు. శనివారం పొద్దున్న అగ్నిమాపక కేంద్రంలో మంటలార్పే బండిని బయటికి తోలేసి, ఆ ఖాళీలో బల్లలు వేసి, కిట్లు కొనుక్కున్నవాళ్ళకి పాఠం చెబుతాడు. మందుల దుకాణం ఆయనా, బ్యాంకు గుమస్తా, గని మానేసిన ఇద్దరు ముసలాళ్ళూ. వాళ్ళ మధ్యకి వెస్టా అట్టపెట్టె మోసుకుంటూ వచ్చి ముందు బల్ల ఆక్రమించింది.

డెంజిల్ పాఠం బైబిల్ చదివినట్టు మొదలవుతుంది. "పెట్టె తెరవండి. కాగితం చూసి ముక్కలు లెక్కపెట్టుకోండి. మళ్ళీ మూసెయ్యండి. వారం రోజులు చూడటమే, ముట్టుకోవద్దు. తొందర ఉన్నవాడు బజార్లో చేసిన తుపాకీ కొనుక్కోవచ్చు. గొట్టం లోపలి వైపు మీది కాదు, చేసినవాడు పరీక్షించి పంపాడు, దాని జోలికి పోయారో నా చేతిలో చస్తారు. మీది బయటి చెక్క. కిట్ వాళ్ళు ఆ చెక్కని కావాలని లావుగా వదులుతారు. మీరేమో కొయ్యడానికి భయపడి అలాగే రంగేస్తారు. అందుకే కొత్తవాళ్ళ తుపాకీ కంచె గుంజలా ఉంటుంది. ధైర్యం చేసి చెక్క తీయండి. ఉలి ముంజేతి మీద వెంట్రుకలు గొరగాలి, గొరగకపోతే అది ఉలి కాదు, స్క్రూడ్రైవరు. ఆకలి మీద ఉలి పట్టొద్దు. పెళ్ళాంతో గొడవపడ్డ రోజున అసలే పట్టొద్దు."

"మరి నువ్వు ఈ ఏడు ఒక్కటి కూడా పూర్తి చెయ్యలేదేమిట్రా?" అంది వెస్టా. గని ముసలాళ్ళు దగ్గొచ్చేదాకా నవ్వారు.

మసి సంగతికి వచ్చేసరికి డెంజిల్ వేలెత్తాడు. "మసి పల్చగా రాయాలి. ఊదితే పోయేంత. నాన్న ఇంకెక్కడ ఊరుకున్నా మసి దగ్గర మాత్రం చంపేసేవాడు."

"నాకెప్పుడూ ఒక్క మాట అనలేదే" అంది వెస్టా.

"నువ్వు ఆడపిల్లవని వదిలేసుంటాడు."

"నువ్వు ముక్కు చీదుకోవడం రాని రోజుల్లో నేను మసి పెట్టాన్రా. మసి గురించి నాకు చెప్పకు."

అక్కడితో అయిపోయేదే. కానీ ఆవిడ ఇంకో మాట అడిగింది. "అన్నీ అయ్యాక గొట్టం మీద పేరు ఎప్పుడు చెక్కుకుంటాం?"

గదిలో అందరూ బల్లల వైపు చూసుకున్నారు. అక్టోబరు మొదటి శనివారం మా లోయలో ఎద్దుమాంసం పోటీ జరుగుతుంది. ఎద్దుని కోసి వాటాలు వేస్తారు, గురికి దగ్గరగా కొట్టినవాడు ముందు వాటా ఏరుకుంటాడు. పోటీకి ముందు తుపాకులన్నీ పొడుగు బల్ల మీద పరుస్తారు. ముగ్గురు పెద్దలు ఒక్కొక్కటీ వేళ్ళతో తడిమి చూస్తారు. పలక నుంచి సొంతంగా చేసినవాడికే గొట్టం మీద పేరు. కిట్ తుపాకీతో కాల్చుకోవచ్చు గానీ గొట్టం బోసిగా ఉండాలి. దాన్ని మూగ తుపాకీ అంటారు.

"కిట్‌కి పేరుండదక్కా" అన్నాడు డెంజిల్. "అట్టపెట్టెలో పిండి కొనుక్కొచ్చి, గుడ్డు కొట్టి, కేకు చేసి, నా కేకు అని పేరు పెట్టుకుంటామా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇరవై ఏడేళ్ళు పెట్టెలో పిండితో నాలుగొందల మంది పిల్లలకి కేకు పెట్టిన మనిషితో అనాల్సిన మాట కాదు.

"పెట్టెలో పిండి అందరిదీ ఒకటే" అంది వెస్టా, మెల్లగా. "నేను జ్వరంతో ఇంట్లో ఉన్న రోజున వాండా చేస్తే నీ కొడుకే పళ్ళెం తోసేసి ఇది వెస్టా అత్త కేకు కాదు అన్నాడు. ఈ తుపాకీ మీద నా పేరుంటుంది. రాసిపెట్టుకో."

జూన్ అంతా ఆవిడ వెనక వరండాలో చెక్క తీసింది. గుంజలాంటి కొయ్య సన్నబడి, భుజానికి ఆనించే మడమ దగ్గర వంపు తిరిగి, పట్టుకుంటే చెయ్యి దిగేలా తయారైంది. తీసిన పొట్టుని ఎల్బర్ట్ పాదుల్లో వేసుకున్నాడు. మడమ కిందనుంచి రంపంతో కోసేసిన ముక్కనీ వదల్లేదు, కోళ్ళగూటి తలుపుకి అడ్డం పెట్టుకున్నాడు. డెంజిల్ రెండుసార్లు వచ్చి చూసి, తప్పు వెతికి, దొరక్క, నిమ్మరసం తాగి వెళ్ళాడు.

జులైలో లాక్ మొదలుపెట్టింది. చిమ్నీ మసి గిన్నె, చుక్క నూనె, వేలి కొన. యాభై ఏళ్ళ కిందటి పని వేళ్ళకి గుర్తుంది. చిన్నప్పుడు నాన్నకి రాసిచ్చినట్టే చిక్కగా, మెరిసేలా రాసింది. ఒత్తింది, తీసింది, నల్లగా ఉన్న చోటల్లా గీకింది. మళ్ళీ రాసింది. నలుపు పోదే! గీకినకొద్దీ కొత్తచోట నలుపు. మూడో రోజు మధ్యాహ్నం లాక్ ఒక్కసారిగా గుంటలోకి జారి కూర్చుంది. వెనకాల, చెక్కకీ ఇనుముకీ మధ్య, ఐదు సెంట్ల నాణెం అంచు దూరేంత సందు.

వెస్టా ఉలి కింద పెట్టింది. పొంగిన పిండిని అణిచి మళ్ళీ పిసకొచ్చు, ఉప్పెక్కువైన కూరలో బంగాళాదుంప వెయ్యొచ్చు. పోయిన చెక్క పోయినట్టే. సందుకి రెండు వైపులా చెక్క మీద మసి ఉబ్బి కారి ఉంది. ఇనుము తగలని చోట కూడా మసి తగిలింది. చిక్కటి మసి నలుమూలలా పాకి అబద్ధం చెప్పింది, ఆవిడ నమ్మి గీకింది.

ఆ సందు సరిగ్గా ఆ చోటే. లాక్ వెనకాల, కింది వైపు. నాన్న తుపాకీలో ఉన్నచోటే.

ఆవిడ ఆ వరండాలో ఎంతసేపు కూర్చుందో ఎల్బర్ట్ వచ్చి పిలిచేదాకా తెలీలేదు. నాన్న కళ్ళు మసకెయ్యలేదు. ఆయన చచ్చిపోయే ముందువారం కూడా కొండ మీద టర్కీ పిట్ట ఈక ఊగడం చూపించిన మనిషి. పాడుచేసింది తొమ్మిదేళ్ళ పిల్ల చిక్కటి మసి. ఆయనకి ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసి, తప్పు తన కళ్ళ మీద వేసుకున్నాడు. తర్వాత కొడుకుల్ని మాత్రం పల్చగా, పల్చగా అని చంపుకుతిన్నాడు.

వెస్టాకి ఏడుపొచ్చింది. దాంతోపాటే, ఇంతటివాడి కూతుర్ని నేను అని గొంతుదాకా గర్వమూ వచ్చింది. రెండూ కలిసొస్తే మనిషి ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు గనక, లేచి రొట్టెకి పిండి కలిపింది.

ఆ ఆదివారం డెంజిల్ ఇంట్లో భోజనం. మా నాన్నది అని డెంజిల్ వచ్చినవాళ్ళందరికీ చూపించే తుపాకీ చలిమంట గూటి పైన ఉంది. అందరూ వంటింట్లో ఉన్నప్పుడు వెస్టా బల్ల ఎక్కి నిక్కి, లాక్ వెనకాల గోటితో గీసి చూసింది. గోరు ఎక్కడా ఆగలేదు, కానీ ఎక్కడ ఆగాలో ఆవిడకి తెలుసు గనక అక్కడ తనే ఆపింది.

"ఏం చూస్తున్నావక్కా?" గుమ్మంలో డెంజిల్.

"దుమ్ము. మీ ఆవిడ తుడవడం లేదు."

మర్నాడు డెంజిల్ వచ్చి ఆవిడ సందు చూశాడు. నవ్వలేదు, అది అతని మంచితనం. "ఇదేం ప్రళయం కాదు. రంపపు పొట్టు జిగురులో కలిపి కూరేసి, రంగు వేసెయ్యి. అందరూ అదే చేస్తారు. ఎలాగూ మూగ తుపాకీయేగా."

మసి పూసి మారేడుకాయ చెయ్యమంటున్నాడన్నమాట. "ముందు కాఫీ తాగి వెళ్ళు" అంది వెస్టా.

వాడు మలుపు తిరగగానే ఆవిడ పొట్టు కోసం టమాటా పాదుల మీద పడింది. ఆ తుపాకీ చెక్కే కావాలి, అదే నార, అదే చార. పాదుల్లో దొరికినవన్నీ ఉంగరాల్లా చుట్టుకుపోయిన పొరలు, ఒక్కటీ పనికి రాదు. మోకాళ్ళ మీద పాకుతుంటే ఎల్బర్ట్ వచ్చాడు.

"ఏం పోగొట్టుకున్నావు?"

"నా పేరు" అంది వెస్టా. "మడమ కింద కోసిన ముక్క ఎక్కడ పెట్టావు?"

ఎల్బర్ట్ మొహం కోళ్ళగూటి వైపు తిరిగింది. తలుపు కింద ముక్క వర్షానికి తడిసి, కోళ్ళు రెట్టలేసి, చూడ్డానికి రోతగా ఉంది. వెస్టా దాన్ని కడిగి, పొయ్యి పక్కన మూడు వారాలు ఆరబెట్టింది. ఆగస్టులో ఒకటి తర్వాత ఒకటి పదకొండు పేళ్ళు కోసింది. పది పారేసింది. ఈసారి మసి ఊదితే ఎగిరిపోయేంత పల్చగా రాసింది. పన్నెండోదానికి ఇంక చెక్క లేదనగా పదకొండోది సరిగ్గా దిగింది. ఈ మధ్యలో ఎల్బర్ట్ కోళ్ళు రెండుసార్లు పారిపోయాయి, తలుపుకి అడ్డం లేక.

అక్టోబరు శనివారం పోటీలో ఏమైందో ముందే చెప్పేస్తాను, దాని మీద ఎవరికీ ఆత్రం వద్దు. వెస్టా వెనకతొడ గెలవలేదు, ముందుతొడ గెలవలేదు. ఆవిడది ఆఖరి బహుమానం, అంటే గురి వెనక దుంగలో దిగిన సీసం. ఎవరి గుళ్ళైనా సరే, గొడ్డలి పట్టుకుని తవ్వుకున్నంతా ఆవిడదే. అరవయ్యేళ్ళ మనిషి చొక్కా చేతులు పైకి మడిచి మధ్యాహ్నమంతా తవ్వి, బాల్చీ నింపుకుంది. ఆ బాల్చీని ఎవర్నీ మొయ్యనివ్వలేదు.

కానీ అసలు సంగతి పొద్దున్న బల్ల దగ్గర జరిగింది. ముగ్గురు పెద్దల్లో డెంజిల్ ఒకడు, మిగతా ఇద్దరి తలలూ డెంజిల్ గడ్డం ఎటు ఊగితే అటు ఊగుతాయి. వెస్టా తుపాకీ వంతు వచ్చింది. డెంజిల్ బొటనవేలు నేరుగా లాక్ వెనక్కి పోయింది. ఆగింది. మళ్ళీ మొదటి నుంచి వచ్చింది. కళ్ళజోడు పెట్టుకున్నాడు. తుపాకీని ఎండలోకి తిప్పాడు. జులైలో కళ్ళారా చూసిన సందు, ఇప్పుడు ఎక్కడుందో దొరకదు.

"ఎక్కడే?"

"నీ పని అదేగా. వెతుక్కో."

"జిగురూ పొట్టూ అయితే మరకుండాలి."

"ఉండాలి."

డెంజిల్ తుపాకీని బల్ల మీద పెట్టాడు. గొంతు తగ్గించాడు. "ఇలాంటి అతుకు నా జన్మలో ఒక్కటే చూశాను."

"మీ ఇంట్లో" అంది వెస్టా.

"నీకు తెలుసని ఆ ఆదివారమే అనుకున్నాను. నీ గోరు సరిగ్గా అక్కడే ఆగింది." అతను చుట్టూ చూశాడు. "నాన్న పోయాక తుడుస్తుంటే దొరికింది నాకు. మా ఆవిడకి కూడా చెప్పలేదు. అంతటి చెయ్యి ఒక్కసారి తప్పిందని బయటికి తెలియడం ఎందుకని, ముప్పై ఏళ్ళు మోశాను."

"నాన్న చెయ్యి తప్పలేదురా." ఇక్కడ ఆవిడ నోరు మూసుకుని ఊరుకోవచ్చు. మూసుకుంటే పేరు వచ్చేసేలాగే ఉంది. "మసి పెట్టింది నేను. చిక్కగా పెట్టాను. తొమ్మిదేళ్ళదాన్ని. ఆయన తన కళ్ళ మీద వేసుకున్నాడు. మొన్న జులైలో నా చేత్తో నేను మళ్ళీ అదే చేసేదాకా నాకు తెలీదు."

డెంజిల్ కళ్ళజోడు తీసేశాడు. తర్వాత నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ. "పల్చగా, పల్చగా అని నా వీపు పగలగొట్టింది నీ వల్లా? నీ వల్ల తిన్న దెబ్బలకి ఎవడే బాధ్యుడు?"

"నువ్వు ముక్కు చీదుకోకపోతే తిన్నవి కూడా కలిపి చెప్పకు."

మిగతా ఇద్దరు పెద్దలు మెడలు సాచారు. "ఏంటి డెంజిల్? ఏం తేల్చావు?"

డెంజిల్ తుపాకీని రెండు చేతులా ఎత్తి బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినపడేలా అన్నాడు. "మా నాన్న అతుకు పెట్టిన తుపాకీ మీద తన పేరు చెక్కుకున్నాడు, సిగ్గుపడలేదు. పెట్టెలో వచ్చిన చెక్క ఎవడో కోసింది. ఈ అతుకు మాత్రం పెట్టెలో రాలేదు. కాగితంలో రాసి లేదు. నేను చెయ్యొద్దన్నాను కూడా. ఇది మూగది కాదు."

రెండు తలలూ ఊగాయి. మందుల దుకాణం ఆయన టోపీ తీశాడు. వెనక ఎవరో ఈల వేశారు. ఎల్బర్ట్ మాత్రం నిలబడ్డచోటే నిలబడి, ఆ ముక్క నా కోళ్ళగూటిది అని పక్కవాడికి చెబుతున్నాడు.

డెంజిల్ తన పనిముట్ల పెట్టె తెరిచి, నూనె గుడ్డ విప్పి, నాన్న చెక్కుడు ములుకు తీసి ఇచ్చాడు. వెస్టా గొట్టాన్ని ఇసక సంచుల మీద పెట్టుకుని బల్ల ముందు కూర్చుంది. ఇరవై ఏడేళ్ళు పుట్టినరోజు కేకుల మీద పిల్లల పేర్లు రాసిన చెయ్యి అది, అక్షరాలకి తడబడలేదు. తన పేరుకి పొడి అక్షరం వి చెక్కింది. డీటన్ చెక్కింది.

"మా ఇంటిపేరు ఏం పాపం చేసిందే?" అన్నాడు ఎల్బర్ట్.

"ఉండు, చోటుంది." నేపియర్ కూడా చెక్కింది.

చెక్కిన గీతలు కొత్త ఇనుము మీద మెరుస్తున్నాయి గానీ చదవడానికి కుదరలేదు. లోపల నలుపు దిగాలి. డెంజిల్ తన పెట్టె లోంచి మసి గిన్నె తీసి, నూనె కలిపి, అక్క పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వేలు ముంచాడు.

వెస్టా తల ఎత్తకుండానే అంది. "పల్చగా రాయరా."